ట్రఫుల్‌కు ముప్పావు పేజీ, మోరెల్‌కు ఒక్క వాక్యం, అదీ తప్పు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ వంటల పేజీలో ట్రఫుల్స్ (మట్టి లోపల పెరిగే, ఘాటైన వాసనగల ఖరీదైన పుట్టగొడుగులు), ఎండు పుట్టగొడుగుల మీద వచ్చిన వ్యాసం చదివాను. మొదటిసారి మామూలుగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, ఎందుకంటే మొదటిసారే ఒకచోట గుండె గుభేలుమంది. ఫొటోలు బాగున్నాయి, రాసినవాళ్లు సరదాగానే రాశారు, కాదనను. కానీ చివరి పేరాలో, ఎండు మోరెల్స్ మీద మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే చాలని, పిండేసి నేరుగా సలాడ్‌లో కలుపుకోవచ్చని ఉంది. అలా కలుపుకోకూడదండీ. ఈ ఉత్తరం ముఖ్యంగా దానికోసమే, మిగతావి దాని వెనకాల వస్తాయి.

మోరెల్ అంటే తేనెపట్టులా గూళ్లు గూళ్లుగా, లోపల డొల్లగా ఉండే పుట్టగొడుగు. రుచిలో దానికి సాటి వచ్చేవి తక్కువ, నన్నడిగితే ట్రఫుల్ కంటే అదే ఇష్టం అంటాను. కానీ పచ్చిగానో సగం ఉడికించో తింటే మాత్రం అది మనిషిని పడేస్తుంది. 2023 వసంతంలో అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్ అనే ఊళ్లో, ఒక రెస్టారెంట్‌లో మోరెల్స్‌తో చేసిన సుషీ తిని 51 మంది వాంతులు, విరేచనాలతో జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. అక్కడేం జరిగిందంటే, ఒకరోజు పచ్చి మోరెల్స్ మీద మరిగించిన సాస్ పోసి ఊరబెట్టి వడ్డించారు, ఇంకోరోజు అసలు వేడే తగలనివ్వకుండా ఊరబెట్టి వడ్డించారు. వేడి సాస్ పోశాం కదా, ఉడికినట్టే కదా అనుకుని ఉంటారు పాపం. మీ వ్యాసంలో చెప్పిన పద్ధతికీ దానికీ ఎంత దూరం?

అవి తాజావి, మేం చెప్పింది ఎండువాటి గురించి అని మీరనొచ్చు. ఎండబెడితే పోయేది నీళ్లు. వండినట్టు కాదు కదా. నానాక పొయ్యి మీద పెట్టి లోపలి దాకా ఉడకనివ్వాలి. నేనైతే నానబెట్టిన నీళ్లతో సహా సన్నటి సెగ మీద పదిహేను ఇరవై నిమిషాలు మగ్గనిచ్చాకే వెన్న, క్రీమ్ జోలికి వెళతాను. ఆ నీళ్లను కూడా పచ్చిగా దేంట్లోనూ కలపకూడదు, సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్‌లో అసలే కలపకూడదు. బాగా ఉడికించినా కొందరి ఒంటికి మోరెల్స్ పడవు, మొదటిసారి తినేవాళ్లు రెండు ముక్కలతో ఆగి మర్నాడు చూసుకుంటే మంచిది. ఇంకో మాట, మోరెల్‌ను పోలిన దొంగది ఒకటుంది, గైరోమిట్రా అంటారు, దానిలోని విషం ఒంట్లోకి వెళ్లాక రాకెట్ ఇంధనంగా వాడే రసాయనంగా మారుతుంది. నిలువునా కోసి చూస్తే అసలు మోరెల్ టోపీ నుంచి కాడ దాకా ఒకటే డొల్ల, దొంగది లోపల అరలు అరలుగా ఉంటుంది. అడవిలో ఏరుకునే వాళ్లకు ఇది ఒక్కటే గుర్తు చాలదు, తెలిసినవాళ్లు పక్కన ఉండాలి, లేదంటే ఏరుకోకపోవడమే నయం.

సరే, పెన్సిల్ ఎలాగూ చేతిలోనే ఉంది, మిగతావీ చెప్పేస్తాను.

ట్రఫుల్ నూనెను మూకుడులో బాగా కాగనిచ్చి అందులో పుట్టగొడుగులు వేయించమన్నారు. మార్కెట్లో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి ట్రఫుల్ మొహమే తెలియదు. తెల్ల ట్రఫుల్ వాసనలో పెద్ద వాటా 2,4-డైథయాపెంటేన్ అనే గంధకపు పదార్థానిది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి నూనెలో కలుపుతారు, పని అయిపోయింది. సీసా అడుగున కనిపించే నల్ల తునకలు మన కంటికోసం వేసినవి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో అరోమా అనో ఫ్లేవరింగ్ అనో ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. అసలు ట్రఫుల్‌లో ఇలాంటి వాసనలు పదులకొద్దీ కలిసి ఉంటాయి, వాటిలో కొన్ని దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా తయారుచేసేవే. నూనెలో ఉన్నది ఒకే ఒక్క వాసన, గట్టిగా అరుస్తుంది, కాసేపటికి తలనొప్పి పుట్టిస్తుంది (నాకు పుట్టిస్తుంది, మా ఇంట్లో మిగతావాళ్లకు బాగానే ఉంటుంది). ఇష్టమైనవాళ్లు వాడుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే స్టవ్ ఆపాక, పళ్లెంలోకి తీశాక రెండు చుక్కలు. ఆ వాసన ఇట్టే ఆవిరైపోయే రకం, కాగే మూకుడులో పోస్తే బూడిదలో పోసిన పన్నీరే.

ట్రఫుల్ పేస్ట్ సీసాలదీ అదే కథ. పదార్థాల వరస చదివితే మొదట మామూలు బటన్ పుట్టగొడుగులు, తర్వాత నల్ల ఆలివ్‌లు, ఎక్కడో చివర కాస్త ట్యూబర్ ఈస్టివం. ఈస్టివం అంటే వేసవి ట్రఫుల్, తప్పుడు సరుకేం కాదు, కానీ వాసన మెతక. చలికాలంలో వచ్చే, ఫ్రాన్స్‌లోని పెరిగోర్ పేరుతో పిలిచే నల్ల ట్రఫుల్ ట్యూబర్ మెలనోస్పోరమ్, ఇటలీలోని ఆల్బా పేరుతో ప్రసిద్ధమైన తెల్లది ట్యూబర్ మాగ్నాటమ్. మీ వ్యాసంలో మూడింటినీ కలిపి ట్రఫుల్ అని ఒకే మాటలో తేల్చేశారు. తెల్లదాన్ని వండనే వండరు, వేడివేడి పాస్తా మీదో గుడ్డు మీదో పచ్చిగానే కాగితమంత పలచగా చెక్కుతారు. నల్లది కొంచెం వేడిని ఓర్చుకుంటుంది, వెన్నలో గోరువెచ్చగా కరిగితే ఇంకా తెరుచుకుంటుంది. చైనా నుంచి వచ్చే ట్యూబర్ ఇండికమ్ అని ఇంకోటి ఉంది, చూడ్డానికి అచ్చం పెరిగోర్‌దానిలాగే ఉంటుంది, వాసన చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. దాన్ని మంచివాటి మధ్య పెడితే వాటి వాసన అంటుకుంటుందట. అలాంటి మోసాలు జరిగాయి కూడా.

ఇంత చెబుతున్నాను కానీ ట్రఫుల్ విషయంలో నేనూ బోల్తా పడ్డదాన్నే. ఒకసారి మా అబ్బాయి ప్రయాణం నుంచి వస్తూ నిమ్మకాయంత నల్ల ట్రఫుల్ ఒకటి తెచ్చాడు. కాగితం విప్పగానే వర్షం పడ్డాక చెట్టు కింద మట్టి తవ్వినట్టు, వెల్లుల్లి, పాత చీజ్, ఇంకా ఏదో జంతువు వాసన, అన్నీ ఒకేసారి కొట్టాయి. అంత ఖరీదైనదాన్ని ఏం చేసి పాడుచేస్తానో అని టెన్షన్. ఎవరో బియ్యంలో దాచితే నిలవుంటుందని చెప్పారని డబ్బాలో బియ్యం పోసి అందులో కప్పెట్టి, పండగ వస్తుంది, చుట్టాలు వస్తారు అని చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో రోజు తీసి చూస్తే చిన్నబోయి, తేలికై, బెండులా మెత్తగా అయిపోయింది. "అమ్మా, దీన్ని తినడానికి తెచ్చాను, పూజలో పెట్టడానికి కాదు" అన్నాడు మావాడు. ట్రఫుల్‌లో ఎక్కువ భాగం నీళ్లే, తవ్విన క్షణం నుంచీ తూకం తగ్గుతూనే ఉంటుంది, బియ్యం ఆ మిగిలిన తడిని కూడా లాగేస్తుంది. దాని వాసనంతా బియ్యానికి పట్టింది, ట్రఫుల్‌కు మాత్రం ఏమీ మిగల్లేదు. పొడి కాగితపు నాప్కిన్‌లో చుట్టి, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, కాగితం రోజూ మార్చాలి. అలా చేసినా వారం, మహా అయితే పది రోజులు. వచ్చిన రోజే సగం తినేయడం అన్నింటికంటే తెలివైన పని.

ఆ సీసాలోనే నాలుగు కోడిగుడ్లు పెంకుతో సహా పెట్టి చూడండి, మీ వ్యాసంలో రావాల్సిన సంగతి ఇది. గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి, లోపలి పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, ట్రఫుల్ వాసన కొవ్వులోనే నిలుస్తుంది. రెండు రోజులయ్యాక ఆ గుడ్లు కొట్టి, వెన్నలో సన్నటి సెగ మీద కదుపుతూ, ఇంకా తడిగా ఉండగానే దించితే, ట్రఫుల్ ముక్క ఒక్కటీ ఖర్చు చేయకుండానే ట్రఫుల్ రుచి వచ్చేస్తుంది. వెన్నతోనూ చేయొచ్చు, మెత్తటి వెన్నలో కాస్త ట్రఫుల్ తురిమి, చిటికెడు ఉప్పు వేసి, రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. ట్రఫుల్‌ను నూనెలో వేసి ఇంట్లోనే నెలల తరబడి నిలవ చేసుకోవచ్చన్నారు చూశారూ, అది మాత్రం వద్దు. మట్టిలోంచి వచ్చిన తడి సరుకును గాలి తగలని నూనెలో ముంచి బయట ఉంచితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియాకు పరుపు వేసినట్టే.

ఇక అసలు నా గోల. వ్యాసంలో ముప్పావు భాగం ట్రఫుల్‌కు ఇచ్చి, ఎండు పుట్టగొడుగులను నానబెట్టి నీళ్లు పారబోసి వాడండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏడాదిలో ఏ ఇంట్లోనైనా ట్రఫుల్ ఎన్నిసార్లు వండుతారండీ? ఎండు షిటాకే (జపాన్, చైనా వంటల్లో వాడే పుట్టగొడుగు), ఎండు పోర్చినీ (ఇటలీ వంటల్లో వాడేది) అయితే డబ్బాలో పడి ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. పారబోయమన్న ఆ నీళ్లలోనే సగం రుచి ఉంది.

షిటాకే సంగతే చూడండి. రాత్రి పడుకోబోయే ముందు నాలుగైదు షిటాకేలను గాజు గిన్నెలో వేసి, చన్నీళ్లు పోసి, పైకి తేలకుండా చిన్న పళ్లెం ఒకటి బోర్లించి ఫ్రిజ్‌లో పెడతాను. వేసేటప్పుడు గవ్వల్లా గలగలమంటాయి. పొద్దున్నకి నీళ్లు పలచటి టీ రంగుకు తిరుగుతాయి, టోపీలు ఉబ్బి, నొక్కితే స్పాంజిలా లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తాయి. టోపీ మీద పువ్వు విచ్చినట్టు పగుళ్లున్న మందపాటివైతే మధ్యలో ఇంకా గట్టిగా తగులుతుంది, వాటికి మధ్యాహ్నం దాకా టైమివ్వాలి. తర్వాత ఆ నీళ్లను హడావిడిగా మరిగించకుండా సన్నటి సెగ మీద నెమ్మదిగా వేడెక్కనివ్వాలి.

ఇంత తతంగం ఎందుకు, వేడినీళ్లు పోస్తే అరగంటలో అయిపోతుంది కదా అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కారణం ఉంది. పుట్టగొడుగు కణాల్లోని ఆర్‌ఎన్‌ఏ విరిగితే గ్వానిలేట్ అనే పదార్థం తయారవుతుంది, షిటాకే నీళ్లకు ఆ లోతైన రుచి దానివల్లే వస్తుంది. విరగ్గొట్టే ఎంజైమ్ దాదాపు 60 నుంచి 70 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది. మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే అది పనిలోకి దిగకముందే చచ్చిపోతుంది. పోనీ గోరువెచ్చటి నీళ్లలో గంటలకొద్దీ వదిలేద్దామా అంటే, అక్కడ ఇంకో ఎంజైమ్ కూర్చుని తయారైన గ్వానిలేట్‌ను తయారైనట్టే చెడగొడుతుంది. అందుకని చల్లగా నానాలి, తర్వాత నెమ్మదిగా వేడెక్కాలి. 1908లో జపాన్‌లో కికునాయే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి దాని లోతైన, కమ్మటి రుచికి ఉమామి అని పేరుపెట్టారు. 1957లో అకిరా కునినాకా గ్వానిలేట్‌ను పట్టుకున్నారు. ఈ రెండూ ఒకే గిన్నెలో పడితే రుచి కూడికలా కాకుండా హెచ్చవేతలా పెరుగుతుంది. షిటాకే నీళ్లలో కాస్త సోయా సాసో, టమాటానో, పర్మెజాన్ చీజ్ తునకో పడగానే ఒక్కసారిగా వేరే వంటయిపోయినట్టుంటుంది, ఎందుకంటే వాటిలో గ్లూటమేట్ దండిగా ఉంటుంది. ఇదంతా సింకులోకి పోయమన్నారు మీరు.

పారబోయమనడానికి ఒక కారణమైతే ఉంది, అది ఇసుక. నేను ఒప్పుకుంటాను. ఒకసారి వడకట్టకుండానే సూప్ చేశాను, మా ఆయన రెండో చెంచాకు పళ్లకింద కరకరమనిపించి, ఏమీ అనకుండా గిన్నె కాస్త పక్కకు జరిపారు. ఆ జరపడం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకని నానిన పుట్టగొడుగులను చేత్తో పైకి తీసేయాలి, గిన్నెను వంచి జల్లెడలోకి ఒంపితే అడుగు ఇసుకంతా మళ్లీ వాటిమీదే పడుతుంది. నీళ్లను కదపకుండా కాసేపు ఉంచి, పలచటి గుడ్డను రెండు మడతలు వేసి వడకట్టి, ఆఖరి రెండు చెంచాలు గిన్నెలోనే వదిలేయాలి. మోరెల్ గూళ్లలో ఇసుక మరీ దాక్కుంటుంది, నిలువునా చీల్చి కడిగితే తప్ప పోదు.

పోర్చినీకి ఇంత ఓపిక అక్కర్లేదు, గోరువెచ్చటి నీళ్లలో ఇరవై ముప్పై నిమిషాలు చాలు. ఎండాక దాని వాసన తాజాదానికంటే చిక్కగా ఉంటుంది, మాంసం వేయించినట్టు, గింజలు వేయించినట్టు. పది కిలోల తాజావి ఎండితే కిలో దాకా వస్తాయి, కాబట్టి గుప్పెడు వేస్తే చాలు, ప్యాకెట్ మొత్తం కుమ్మరించకండి, చేదెక్కుతుంది. విరిగిన ముక్కలూ అడుగున మిగిలిన పొడీ ఏరి మిక్సీలో వేసి మెత్తగా కొట్టి సీసాలో పెట్టుకుంటే, ఏ సాస్‌లోనైనా చెంచాడు వేసుకోవచ్చు. ప్యాకెట్ అంటే గుర్తొచ్చింది, 2014లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షశాస్త్ర ఉద్యానవనం పరిశోధకులు దుకాణంలో ఒక ఎండు పోర్చినీ ప్యాకెట్ కొని అందులోంచి 15 ముక్కల డీఎన్ఏ చూశారు. అప్పటిదాకా శాస్త్రం పేరైనా పెట్టని మూడు జాతులు అందులో బయటపడ్డాయి! అవి తినదగ్గవే, భయమేం లేదు. ఎవరికీ తెలియని జాతులను జనం అప్పటికే హాయిగా రిసోటోలో (ఇటలీ అన్నం వంటకం) వేసుకుని తింటున్నారన్నమాట. అన్ని రకాలూ ఎండబెడితే బాగుంటాయని మాత్రం కాదు, చాంటరెల్ అనే పుట్టగొడుగు ఎండితే తోలులా సాగుతుంది, దాన్ని తాజాగానే తినాలి.

చెవి ఆకారంలో నల్లగా ఉండే వుడ్ ఇయర్ పుట్టగొడుగు గురించి మీ వ్యాసంలో ఒక ఫొటో ఉంది, కింద ఎంతసేపు నానబెట్టాలో లేదు. గంటా రెండు గంటల్లో నానిపోతుంది. ఇంకా సమయం పట్టేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. రోజుల తరబడి బయట నీళ్లలో వదిలేస్తే ఒక రకం బ్యాక్టీరియా చేరి బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తుంది, అది వండినా పోదు, చైనాలో దానివల్ల ప్రాణాలు పోయాయి. షిటాకేను కూడా నానబెట్టి అలాగే తినేయకూడదు, సరిగా ఉడకనిది తింటే కొందరికి ఒళ్లంతా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. ఎక్కువ ఉడికితే మెత్తబడి పాడైపోతాయేమో అని సందేహం వద్దు. కూరగాయల్లా కరిగిపోయే రకం కాదవి, పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండేదే, గంట ఉడికించినా పంటికింద ముక్క ముక్కగానే తగులుతుంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. మోరెల్ వాక్యానికి సవరణ వేయండి. ఎక్కడో లోపలి పేజీలో మూలన రెండు పంక్తులు వేసి ఊరుకోకుండా, అదే ఆదివారం వంటల పేజీలో, అదే చోట వేయండి. మిగతావి వేస్తే సంతోషం, వేయకపోయినా ఏమీ అనుకోను. ఆ పేజీని కత్తిరించి వంటింటి సొరుగులో దాచుకునేవాళ్లు నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు, ఆ కాగితం రెండేళ్ల తర్వాత ఎవరి చేతికో దొరుకుతుంది. నా దగ్గరున్న దానిమీద ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన 'బాగా ఉడికించాలి' అని రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు